అమ్మ ముందే చెప్పేసిన సాక్ష్యం

శుక్రవారం మధ్యాహ్నం అమ్మ రిపోర్టు నా చేతికొచ్చింది. ఆదివారం పొద్దున అమ్మ ప్రార్థన మందిరంలో అందరి ముందూ లేచి నిలబడి, దేవుడు తనను బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. ఈ రెంటికీ మధ్య నేను నోరు మెదపలేదు. జరిగిన తప్పులో అమ్మ వాటా ఎంతో, దేవుడి వాటా ఎంతో నాకు తెలియదు కానీ నా వాటా మాత్రం ఇదే.

సాక్ష్యం అంటే కోర్టులో చెప్పేది కాదు. మెట్టుగూడలో అమ్మ వెళ్ళే మందిరంలో ప్రతి ఆదివారం పాటలు అయిపోయాక, పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పడానికి ముందు, ఆ వారం దేవుడి వల్ల మేలు పొందినవాళ్ళు లేచి ఆ సంగతి చెప్పాలి. కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో, కోడలికి నెల తప్పిందనో, పోయిన సెల్‌ఫోన్ ఆటోవాడు తెచ్చిచ్చాడనో. చెప్పకుండా ఊరుకుంటే మేలు మింగేసినట్టు లెక్క. అమ్మ ఏనాడూ మింగలేదు. నాకు పీహెచ్‌డీలో సీటు వచ్చినప్పుడు ఎంత సేపు మాట్లాడిందంటే, వెనక వరసలో ఒకాయన గడియారం చూసుకున్నాడట. ఆ సంగతి కూడా అమ్మే నవ్వుతూ చెప్పింది.

అమ్మ మా యూనివర్సిటీలోనే ఆడపిల్లల హాస్టల్ మెస్సులో పనిచేస్తుంది. పొద్దున్నుంచీ పిండి కలపడం, చపాతీలు ఒత్తడం. అదే క్యాంపస్‌లో నేను జువాలజీలో పరిశోధన చేస్తున్నాను. మా ఇద్దరికీ తార్నాకలో మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక డాబా మీద రేకుల గది. నాన్న నా పదో ఏట పోయాడు. ఎక్కడ సాయం అడుగుతామోనని ఊళ్ళో అయినవాళ్ళు కూడా మా గడప తొక్కడానికి జంకిన ఆ రోజుల్లో, ముక్కూమొహం తెలియని నలుగురు ప్రార్థన చేసేవాళ్ళు వచ్చి మా ఇంట్లో చాప మీద కూర్చుని, అమ్మ ఏడుస్తుంటే తామూ ఏడ్చారు. అమ్మ దేవుణ్ణి నమ్మడం అక్కడ మొదలైంది. నేను మాత్రం డిగ్రీకి రాగానే మానేశాను. దేవుడితో నాకు పెద్ద గొడవేమీ లేదు. ఆదివారం పూట నిద్ర బాగా పట్టేది, అంతే.

గడ్డ సంగతి నాకు తెలిసేసరికి అమ్మ నాలుగు నెలలుగా దానికి ప్రార్థించిన నూనె రాసుకుంటోంది. కొబ్బరినూనె సీసా మందిరానికి తీసుకెళ్తే అయ్యగారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి ఇస్తారు. మోకాలి నొప్పికీ అదే, పిల్లల జ్వరానికీ అదే. ఒకరోజు చపాతీల కర్ర పట్టుకోలేక కుడి చెయ్యి జాడించుకుంటుంటే నిలదీశాను. చివరికి జాకెట్టు పక్కకు జరిపి నా వేళ్ళు అక్కడ పెట్టించింది. రొమ్ములో, చంక వైపుగా, గట్టిగా, కదలకుండా ఉంది. నాకు వచ్చింది భయం కాదు, కోపం.

"ఆకలైతే అన్నం వండుకుంటున్నవ్ గద! దేవుడే కడుపు నింపుతడని కూసుంటున్నవా? మరి గిదెందుకు దాచినవ్?"

"దాచలే బిడ్డా. ఆయనకు చెప్పిన గద."

"నాకు చెప్పలే!"

"నీకు చెప్తే గిట్లనే లొల్లి చేస్తవని," అంది అమ్మ.

లొల్లి చేసి మరీ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడ సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు సోమవారం వస్తుందని, మంగళవారం దాంతో డాక్టరమ్మను కలవాలని అమ్మతో చెప్పారు. శుక్రవారమే వచ్చిందని నాకు ఫోన్ చేశారు. అమ్మ మెస్సులో ఉంది. నేనొక్కదాన్నే వెళ్ళి తీసుకున్నాను.

జీవకణాల గురించి ఆరేళ్ళుగా చదువుతున్నదాన్ని. ఆ కాగితంలో మాటలు నాకు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. చదువు మీద అంత అసహ్యం నాకు ఎప్పుడూ కలగలేదు. అయినా డాక్టరమ్మ ఎదుట కూర్చుని, ఏమీ తెలియనిదానిలా అన్నీ అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. క్యాన్సరే. కానీ మరీ పాకలేదు. వెంటనే మొదలుపెడితే బతికించుకోవచ్చు. మంగళవారం డాక్టర్లందరూ కూర్చుని ఏ వైద్యం ముందు చేయాలో నిర్ణయిస్తారు, ఆ రోజు అమ్మను తప్పకుండా తీసుకురావాలి.

"ఇప్పటికే చాలా నెలలు పోయినయ్. ఇంక ఒక్క వారం కూడా పోనియ్యకు," అంది.

బస్సు దిగి క్యాంపస్‌లోకి నడిచాను. హాస్టల్ మెస్ ముందు నుంచే వెళ్ళాలి. కిటికీలోంచి అమ్మ కనపడింది. తలకు గుడ్డ కట్టుకుని, పిండి ముద్ద మీదకు ఒంగి, పక్కనున్న ఆమె ఏదో అంటే నవ్వుతోంది. శుక్రవారం అమ్మకు ఉపవాసం. నా కోసం, నా థీసిస్ తొందరగా పూర్తి కావాలని ఆ ఉపవాసం. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా తాగకుండా, నూట యాభై మందికి చపాతీలు ఒత్తుతున్న మనిషిని పక్కకు పిలిచి ఈ మాట చెప్పాలా? సాయంత్రం ఉపవాసం విడిచాక చెబుదామనుకున్నాను. సాయంత్రం అమ్మ రెండు ముద్దలు తిని, "కడుపు సల్లగైంది బిడ్డా" అని గోడకు ఆనుకుంది. చెప్పలేదు. శనివారం మెస్సులో ఇంకొకామె రాకపోతే అమ్మ రెండు పూటలూ చేసింది. అప్పుడూ చెప్పలేదు. పిరికితనానికి సాకులు వెతకడంలో నన్ను మించినవాళ్ళు ఉండరు.

శనివారం ల్యాబులో కూర్చోలేక డిపార్ట్‌మెంట్ వెనక చెట్ల కిందికి వెళ్ళి, చాలా ఏళ్ళ తర్వాత ప్రార్థన చేయబోయాను. మాటలన్నీ గుర్తున్నాయి. పరిశుద్ధుడా, కృపగల తండ్రీ, నీకు స్తోత్రాలు. చిన్నప్పుడు బట్టీ పట్టిన ఎక్కాల్లా వరసగా వచ్చాయి. వాటి వెనక నేను లేను. రెండు నిమిషాలకే తిట్లు మొదలయ్యాయి. నాలుగు నెలలు ఆ మనిషి నీకు చెప్పుకుంటే ఏం చేస్తున్నావ్? నా చెవిలో ఒక్క ముక్క వేయకూడదా? నేను నమ్మనన్న సంగతి సరే, ఆమె నమ్ముతుంది కదా, కనీసం ఆమె మొహం చూసైనా? ఎవరో ఇద్దరు జూనియర్లు అటుగా వస్తే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు.

ఆదివారం అమ్మతో పాటు నేనూ మందిరానికి వెళ్ళాను. ప్రార్థన అయ్యాక, అక్కడ ఆమె మనసు కుదురుగా ఉన్నప్పుడు చెప్పేయాలని నా ఎత్తు. నేను వస్తానంటే అమ్మ మొహం వెలిగిపోయింది. మెట్రోలో ఒక్క స్టేషనే. అయినా ఆ కదిలే మెట్లంటే అమ్మకు భయం. షేర్ ఆటోలో వెళ్ళాం. దారంతా నా చెయ్యి వదల్లేదు.

పాటలు అయిపోయాయి. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అన్నారు అయ్యగారు. నా పక్కన చాప మీద కూర్చున్న అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని లేచింది. నా పీహెచ్‌డీ సీటు కథ మళ్ళీ చెబుతుందేమో అనుకున్నాను.

"దేవుని నామానికి స్తోత్రం. నా రొమ్ములో గడ్డ అయింది. దవాఖానల సూది పెట్టి తీసిండ్రు. రేపు రిపోర్టు వస్తది. ఆ రిపోర్టుల ఏం లేదని నా ప్రభువు నాకు చెప్పిండు. నేను సంపూర్ణ స్వస్థత పొందిన. అందుకే రిపోర్టు రాకముందే నా దేవుణ్ణి స్తుతిస్తున్న."

చప్పట్లు. స్తోత్రం, స్తోత్రం అని ఆడవాళ్ళు చేతులెత్తారు. ముందు వరసలో ఒక ముసలామె ఏడ్చేసింది. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, "దేవుని చిత్తం జరుగుగాక" అన్నారు. ఆయన జాగ్రత్తగానే అన్నారు. ఆ జాగ్రత్త ఎవరికీ వినపడలేదు. నా సంచిలో, వాటర్ బాటిల్ పక్కన, ఆ కాగితం మడత పెట్టి ఉంది. సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను.

ఇదెక్కడి చోద్యమో తర్వాత తెలిసింది. కిందటి వారం అంబర్‌పేట్ నుంచి ఎవరో బోధకుడు వచ్చాడట. మేలు దొరికాక కృతజ్ఞత చెప్పడం ఎవరైనా చేస్తారు, దొరకకముందే చెప్పేదే విశ్వాసం అన్నాడట. అందరూ విని తలాడించి ఇళ్ళకు పోయారు. మా అమ్మ మాత్రం విన్నది విన్నట్టు చేసింది. ఆమె ఎప్పుడూ అంతే. పప్పులో ఉప్పు చిటికెడు అంటే చిటికెడే.

బయటికి రాగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "అక్కా, నీ నమ్మకం నాకుంటే బాగుండు" అని ఒకామె, "ఇగ దవాఖానల పొంట తిరుగుడు బంద్" అని ఇంకొకామె. అమ్మ సిగ్గుపడుతూ నవ్వుతోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కొచ్చాను.

రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడి అన్నాను. "అమ్మా, రిపోర్టు రాకముందే ఎందుకు చెప్పినవ్?"

"వచ్చినంక చెప్పేదాంట్ల ఏమున్నది?"

"ఒకవేళ వేరే తీరు వస్తే?"

అమ్మ నా వైపు తిరిగి చూసింది. కోపం లేదు. చిన్నపిల్లకు చెప్పినట్టే చెప్పింది. "రాదు. వచ్చినా నేను చూడ. రేపు నువ్వు రిపోర్టుకు పోవద్దు. మంగళారం డాక్టరమ్మ తాన్కి కూడ పోవద్దు. గంత మంది ముందు దేవుని పేరు పెట్టి చెప్పిన. ఇప్పుడు మళ్ళ దవాఖానకు ఉరికితే నేను అబద్ధం ఆడినట్టు కాదు బిడ్డా, ఆయన అబద్ధమాడినట్టు అయితది."

నాకు అప్పుడు అర్థమైంది, ఇది మామూలు మొండితనం కాదని. తన పరువు కోసమైతే నేను బతిమాలో తిట్టో ఒప్పించేదాన్ని. మా అమ్మకు పరువు పట్టింపు ఏనాడూ లేదు. ఆమె కాపాడుతున్నది దేవుడి పరువు. అది కాపాడటం కోసం చచ్చిపోవడానికైనా ఆమెకు అభ్యంతరం లేదు. సంచిలోంచి కాగితం తీసి ఆ నడిరోడ్డు మీద మొహాన కొట్టాలనిపించింది. "సైతాను పంపిన కాగితం" అంటుంది. అలా ఒక్కసారి అనేసిందంటే ఇక దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. సంచి భుజానికి సర్దుకుని, వచ్చే ఆటోను చెయ్యెత్తి ఆపాను. చేతిలో ఇక ఒక్క రోజే ఉంది.

సోమవారం ల్యాబుకు వెళ్ళలేదు. అయ్యగారితో చెప్పిద్దామని నడుచుకుంటూ మెట్టుగూడ వెళ్ళాను. మందిరానికి తాళం. ఆయన ఎక్కడో ఊరికి సమాధి కార్యక్రమానికి వెళ్ళారని పక్కింటామె చెప్పింది. మెట్ల మీద కూలబడ్డాను. ఎండ మొహాన కొడుతోంది. ఎదురుగా రైల్వే క్వార్టర్ల వాళ్ళు బట్టలు ఆరేసుకుంటున్నారు. అక్కడ, చెప్పులు విడిచే చోట కూర్చుని, నేను నిజంగా ప్రార్థన చేశాను. పరిశుద్ధుడా అనలేదు. తిట్టలేదు కూడా. తిట్టే ఓపిక అయిపోయింది. నాకు మాట రావడం లేదు, నాకు మాట ఇవ్వు, అన్నాను. నయం చేయమని అడిగే మొహం కూడా నాకు లేదు, రేపు ఆమె కాళ్ళు ఆస్పత్రి వైపు నడిస్తే చాలు, అన్నాను. నువ్వు లేకపోతే ఈ మాటలు ఎవరికి చెబుతున్నానో నాకు తెలియదు, ఉంటే మాత్రం దయచేసి, దయచేసి, దయచేసి. ఆ ఒక్క మాటే ఎన్నిసార్లు అన్నానో. ముక్కు కారి పైట తడిసిపోయింది. ఏ చప్పుడూ కాలేదు. ఏ వెలుగూ రాలేదు. పక్కింటామె గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టి, ఏమీ అడక్కుండా పోయింది.

తిరిగి వస్తుంటే ఒక పాత సంగతి మెదిలింది. దేవుడు చెప్పాడని నేను అనను, అలాంటి మాటల వల్లే కదా ఇంత వచ్చింది. ఏడో తరగతిలో లెక్కల్లో తప్పినప్పుడు, అమ్మతో చెప్పే ధైర్యం లేక, ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు గట్టిగా దేవుడితో చెప్పేశాను, "ప్రభువా, నేను లెక్కల్ల ఫెయిలైన, నన్ను క్షమించు" అని. మా ఇంట్లో ప్రార్థన నడుస్తుండగా కళ్ళు తెరవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. ఇల్లు అంటుకున్నా ఆమెన్ అన్నాకే. నా ఆమెన్ అయ్యేసరికి అమ్మ కోపం సగం చల్లారింది. ఆ తర్వాత గ్లాసు పగలగొట్టినా, ఫీజు రసీదు పోగొట్టినా అదే దారి పట్టాను. అమ్మకు నా తెలివి తెలియక కాదు. దేవుడితో మాట్లాడుతున్నదాన్ని ఆపడం ఆమె వల్ల కాదు, అంతే.

సాయంత్రం మెస్ పని ముగించుకుని అమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుని, పొయ్యి మీద అన్నం పెట్టి, చాప వేసింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం.

"ఇయ్యాల నేను చేస్తనమ్మా," అన్నాను.

అమ్మ సంతోషంతో నా తల నిమిరింది. "చెయ్ బిడ్డా. చెయ్యి," అని కళ్ళు మూసుకుంది. ఆ సంతోషాన్ని చూశాక కూడా నేను ఆగకుండా ఎలా మొదలుపెట్టానో ఇప్పటికీ నాకు తెలియదు.

"ప్రభువా, నేను చాన దినాలకు నీ తాన్కి వచ్చిన. నేనొక తప్పు చేసిన. అమ్మ రిపోర్టు శుక్రారమే వచ్చింది. నేనే తెచ్చిన. నా సంచిల ఉన్నది."

పక్కన అమ్మ ఊపిరి ఆగింది. నేను కళ్ళు తెరవలేదు.

"మంచిగ రాలే ప్రభువా. క్యాన్సర్ అని ఉన్నది. నేను అప్పుడే చెప్తే అమ్మ నిన్న లేచి చెప్పకపోవు. నా భయం వల్ల ఆమె అట్ల చెప్పింది. తప్పు ఆమెది కాదు, నీది కాదు, నాది. రేపు పోతే బతుకుతదని డాక్టరమ్మ అన్నది. ఆమెను పంపు ప్రభువా. ఆమె నీ మాట తప్ప ఎవ్వరి మాట ఇనది. నాకు ఆమె తప్ప ఎవ్వరు లేరు. నాకెవ్వరున్నరు చెప్పు..."

అక్కడితో నా మాటలు అయిపోయాయి. కానీ ఆమెన్ అనడానికి ధైర్యం చాల్లేదు. ఆమెన్ అంటే ఆమె మాట్లాడుతుంది. ఆ మాట కాదంటే ఇక ఏమీ మిగలదు. అందుకే చెప్పిందే చెప్పాను. మళ్ళీ చెప్పాను. పొయ్యి మీద అన్నం పొంగి మంట మీద పడి చుయ్యిమంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. మాడు వాసన వచ్చింది.

అప్పుడు అమ్మ, జీవితంలో మొదటిసారి, నా ప్రార్థన మధ్యలో నోరు తెరిచింది. నాతో కాదు.

"తండ్రీ, కృపగల తండ్రీ..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తర్వాత వచ్చిన గొంతు మందిరంలో వినిపించేది కాదు. ఊళ్ళో, పొలం గట్టు మీద, నీళ్ళ తగాదాలో వినిపించేది. "నేను లేస్తుంటె ఎందుకు ఆపకపోతివి? నా పక్కకే కూసున్నది నా బిడ్డ. సంచిల కాయిదం పెట్టుకొని కూసున్నది. నీకు తెల్వదా? గంత మందిల నన్ను నిలవెట్టినవ్. నా కొంగు వట్టి గుంజి కూసోవెట్టకపోతివా? నేను నీ మీద నమ్మకంతోని లేచిన. ఎవలి మీదనో కాదు, నీ మీద." అరచేత్తో చాపను ఒక్క దెబ్బ కొట్టింది. "నన్ను గిట్ల చేస్తివి సరే. ఈ పిల్లనెందుకు గిట్ల చేసినవ్? నాలుగు దినాల సంది ఒక్కతే మోసింది గద."

అమ్మ దేవుడి మీద కోపం చేసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు. గెలిచానని సంబరపడాల్సినదాన్ని, నిలువునా భయపడిపోయాను. నేను నమ్మకపోవడం వేరు. నా వెనకాల నమ్మే మనిషి ఒకరున్నారన్న ధీమాతోనే నేను ఇన్నేళ్ళూ నమ్మకుండా ఉండగలిగాను. ఆమె కూడా చెయ్యి వదిలేస్తే, రేపు ఆ ఆస్పత్రి వరండాలో మేమిద్దరం ఎవరిని పిలుచుకోవాలి?

కళ్ళు తెరవకుండానే ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాను. పిండి అంటుకుని ఎండిపోయి గరుకుగా ఉంది.

"అమ్మా, ఆమెన్ అను. అనవే."

అమ్మ ముక్కు చీదుకుంది.

"ఎన్ని గంటలకు పోవాలె?"

"తొమ్మిదింటికి."

"మెస్సుల చెప్పి రావాలె పొద్దుగాల."

"నేను చెప్తా. ఆమెన్ అనమ్మా."

"ఇప్పుడు అన," అంది. "నిన్న ఆయన ఏం చెయ్యకముందే స్తోత్రం అన్న. గీ సారి ఆయన ఏం చేస్తడో చూసినంక అంట."

మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, అన్నం దించడానికి వెళ్ళింది. నేను కళ్ళు తెరవకుండా అక్కడే ఉండిపోయాను. ఆమెకు వినపడకుండా, ఆమె బదులు నేనే ఆమెన్ అన్నాను. నమ్మి అనలేదు. ఎవరో ఒకరు అనకపోతే అమ్మ ప్రార్థన ఆ రేకుల గదిలోనే ఆగిపోతుందేమోనని భయపడి అన్నాను.